లాభం తర్వాత రెండు

రెండు చేతులకీ నిండా ఆకుపచ్చ గాజులు వేసుకుని జీడిపప్పులో తేమ చూసే క్వాలిటీ ఆఫీసరు ఈ జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను, పెళ్లయి నలభై రోజులైనా తీయబుద్ధి కావడం లేదు, పెన్ను పడితే గలగల, రిజిస్టరు పేజీ తిప్పితే గలగల, పక్కన డ్రయ్యరు గదిలో ఉండే బావ ఆ చప్పుడు విని నేను ఏ పేజీలో ఉన్నానో చెప్పగలనంటాడు, అబద్ధమే, అయినా ఎంత ముద్దొచ్చే అబద్ధమో, అనుకుంటూ ఉండగానే ఫోను వెలిగింది, మా ఓనరు గణేశ్వరరావు గారు విశాఖపట్నం నుంచి, అమ్మా సాయిలక్ష్మీ, మన శాంపిల్ పాసయిపోయింది, బిస్కెట్ల కంపెనీ వాళ్లు ఏడాది ఆర్డరు మనకే ఇస్తారంట, అన్నారు, కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను, ఏడాది అంటే పూర్తిగా ఏడాది, అంటే పోయినేడులాగా వినాయక చవితి వెళ్లగానే యూనిట్ మూసేసి పొట్టు తీసే నలభై మంది ఆడవాళ్లని ఇళ్లకి పంపేయక్కర్లేదు, అంటే మా ధర్మతేజ బావ మళ్లీ పని వెతుక్కుంటూ శ్రీకాకుళం అవతలికి పోనక్కర్లేదు, అంటే మేమిద్దరం రోజూ ఒకే స్కూటరు మీద నర్సీపట్నంలో మా అద్దె వాటా నుంచి బలిఘట్టం దాటి ఈ షెడ్డు దాకా రావచ్చు, మలుపు దగ్గర గొయ్యి వచ్చినప్పుడల్లా అతని నడుం పట్టుకోవచ్చు, గొయ్యి ఎక్కడుందో నాకు తెలుసు, నాకు తెలుసని అతనికీ తెలుసు, అయినా రోజూ కొత్తగా ఉలిక్కిపడతాను, ఇంత సంతోషంలో ఓనరు గారి రెండో మాట సగమే చెవిన పడింది, ఒక్క కాయితం మటుకు కావాలంటన్నారమ్మా, ప్రాసెస్ కేపబిలిటీ రిపోర్టంట, ఎల్లుండి పొద్దున్న పదింటికల్లా పంపెయ్యాలి, రేపొక్కరోజు చాలు గదా, అంటే చాలండీ అనేశాను, ఆలోచించకుండానే, ఎవరో కాఫీ తాగుతావా అని అడిగితే అన్నట్టు.

ముందు ఎవరికి చెప్పాలి, బావకైతే కళ్లలోకి చూస్తూ తీరిగ్గా చెప్పాలి, పెద్దత్త ఇక్కడే పది అడుగుల దూరంలో ఉంది, పెద్దత్త అంటే అచ్చియమ్మ గారు, మా అత్తగారికి అక్క, కృష్ణదేవిపేటలో మా ఇంటికి వచ్చి నన్ను చూసి ఈ పిల్ల మావోడికే అని, తాంబూలాలు మార్చుకునేదాకా అరుగు మీంచి కదలని మనిషి, ఇక్కడ డ్రయ్యరులోంచి దిగిన ప్రతి ట్రేలోనూ తేమ ఎంతుందో మీటరు పెట్టి చూసి రాసేది ఆవిడే, అంకెలు ఆవిడవి, కింద సంతకం నాది, చప్పుడు చేయకుండా వెళ్లి వెనక నిలబడ్డాను, ఆవిడ మీటరు కప్పులో పప్పు పోసి, మూత నొక్కి, అంకె రాగానే లాభం అంది, కప్పు ట్రేలోకి వంపేసింది, మళ్లీ నింపి నొక్కి రెండు అంది, నాలుగు పాయింటు ఏడు, రాసింది, మూడు అంది, నాలుగు పాయింటు ఆరు, రాసింది, నాకు నవ్వొచ్చింది, వడ్లు కొలిచేటప్పుడు మా తాత కూడా ఒకటి అనేవాడు కాదు, మొదటి కుంచం లాభం, దాని తర్వాతది రెండు, ఆ పాత మాట ఈ బ్యాటరీ మీటరు పక్కన వినిపించడం ఎంత బాగుందో, ఇంటికెళ్లాక బావకి చెప్పి ఇద్దరం నవ్వుకోవాలి, అనుకుంటూనే ఊరికే అడిగాను, మరి ఆ లాభం ఎక్కడ రాశారు పెద్దత్తా, ఆవిడ నన్ను వింతగా చూసింది, అది రాత్తారేటమ్మా, మొదటిది లచ్మిది, మా కళ్లంలో ఆ కుంచం పక్కనెట్టీసీవోళ్లం, లెక్కలో కలిపీవోళ్లం కాదు, నీకు మీయోళ్లెవులూ సెప్పలేదేటి, అంది, నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను, ఇందాక మీటరు మీద ఒక్క క్షణం కనిపించి పోయిన ఆ లాభం అంకె అప్పుడు గుర్తొచ్చింది, ఐదు పాయింటు ఏడు.

ఐదు దాటకూడదు, బిస్కెట్ల కంపెనీ కాగితంలో కింద గీత గీసి మరీ చెప్పిన మాట అదొక్కటే, తేమ నూటికి ఐదు దాటితే పెట్టెలో మూసిన పప్పు వానాకాలం గోడౌనులో బూజు పడుతుంది, నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఎలా దించుకోవాలో తెలియలేదు, శుభవార్త చెప్పడం మానేసి రిజిస్టరు వెనక్కి తిప్పాను, నలభై రోజులు, రోజుకి పదహారు ట్రేలు, అన్నీ నాలుగు పాయింటు ఆరు, ఏడు, ఎనిమిది, ప్రార్థనలో నిలబడ్డ బడిపిల్లల్లా ఎంత బుద్ధిగా ఉన్నాయో అని మురిసిపోయి రంగు పెన్నులతో గ్రాఫు గీశాను, పెళ్లయ్యాక కొత్త ఇంటిపేరుతో పూర్తి సంతకం మొదటిసారి చేసింది కంపెనీకి పంపిన శాంపిల్ రిపోర్టు మీదే, సంతకం బాగుందా అని బావని మూడుసార్లు అడిగాను, ప్రతి ట్రేకీ ఒక అంకె తక్కువ ఉందని మాత్రం చూడలేదు, పెద్దత్తని కాస్త లెమ్మని నేను కూర్చున్నాను, ఒక కప్పు పప్పు పోశాను, ఐదు పాయింటు రెండు, ఆ గుండు పప్పులనే తీసి మళ్లీ పోశాను, నాలుగు పాయింటు ఆరు, వాటినే ఇంకోసారి, ఐదు పాయింటు ఐదు, ఒక్క గుండు మారలేదు, ఒక్క బద్ద కలవలేదు, అంకె మాత్రం గదిలో దారి తప్పిన పిచ్చుకలా అటూ ఇటూ ఎగురుతోంది, పప్పు వేడిగా ఉంటే ఒకలా, చల్లారితే ఒకలా చెబుతోందా, మూత గట్టిగా నొక్కితే ఒకటీ మెల్లగా నొక్కితే ఇంకొకటీనా, అయితే ఆ లాభం అబద్ధమా, రెండూ మూడూ అబద్ధమా, ఏటయ్యిందమ్మా, మీటరు పాడయ్యిందేటి, అని పెద్దత్త భుజం మీంచి వంగితే ఏం లేదండీ అన్నాను, ఈ ఇంట్లో అడుగుపెట్టాక నేను ఆడిన మొదటి అబద్ధం, దాని రుచి పొట్టు తీయని పప్పులా వగరుగా ఉంది.

రేపు ఒక్కరోజే ఉంది, ఉన్నది ఒక్క మీటరే, ఒక్కో రీడింగుకి మూడు నిమిషాలు, కేపబిలిటీ చేయాలంటే ఇరవై ఐదు సార్లు ఐదేసి చొప్పున నూట పాతిక రీడింగులు, దానికే రోజంతా పోతుంది, మీటరునే పరీక్షించాలంటే, కాలేజీలో దాన్ని మెజర్‌మెంట్ సిస్టమ్ అనాలసిస్ అని నోరు తిరగని పేరుతో నేర్పారు, పది నమూనాలు, ముగ్గురు మనుషులు, మూడేసి సార్లు, తొంభై రీడింగులు, మధ్యలో చల్లార్చుకోవడం, అదీ ఒక రోజే, రెండూ కుదరవు, కేపబిలిటీ డ్రయ్యరుని అడుగుతుంది, నువ్వు రోజూ ఐదు లోపల నిలబడగలవా అని, రెండోది నన్నూ పెద్దత్తనీ మీటరునీ నిలబెట్టి అడుగుతుంది, మీరు చెబుతున్నది పప్పు సంగతా, మీ చేతి సంగతా అని, ఓనరు గారికి కావలసింది మొదటిది, కంపెనీ వాళ్లకి కావలసిందీ మొదటిదే, రెండోదాని పేరు కూడా ఎవరూ ఎత్తలేదు, ఎవరూ ఎత్తనిదాన్ని నేనెందుకు నెత్తిన వేసుకోవాలి, నలభై రోజుల అంకెలూ కంప్యూటరులోకి ఎక్కించే ఉన్నాయి, ఒకసారి చూద్దామని ఫార్ములా పెట్టాను, ఒకటి పాయింటు మూడు మూడు దాటితే పాసు, ఒకటి పాయింటు ఆరు వచ్చింది, డిగ్రీలో మూడేళ్లు స్టాటిస్టిక్స్ చదివినా ఇంత అందమైన జవాబు ఎప్పుడూ రాలేదు, తెర మీద దాన్ని చూస్తుంటే అర్థమైంది, రేపు తీసే నూట పాతిక రీడింగులూ ఇంతే అందంగా వస్తాయి, పెద్దత్త తన పద్ధతిలో తను కొలుస్తుంది, మొదటిది లచ్మికి పోతుంది, నేను ఏ అంకే దిద్దక్కర్లేదు, ఏ దొంగపనీ చేయక్కర్లేదు, పక్కన ఊరికే కూర్చుంటే చాలు.

మీటరు అంటే ఇంత భయమా నాకు, కాదు, మీటరు పోతే ఇంకో మీటరు వస్తుంది, మొదట్లో ఈ డ్రయ్యరులో పన్నెండు ట్రేలే పట్టేవి, బావ తనే కొలతలు వేసుకుని, వెల్డింగు షాపులో రెండు రోజులు కూర్చుని పదహారు పట్టేలా చేశాడు, అందుకే ఓనరు గారు అతన్ని సూపర్‌వైజరుని చేశారు, సూపర్‌వైజరు అన్నాకనే మా నాన్న సరే చూద్దాం అన్నాడు, ఆ నాలుగు ట్రేలే లేకపోతే నా మెడలో ఈ పసుపుతాడు ఎవరిదయ్యేదో, ఇప్పుడు ఆ లాభం నిజమైతే ట్రేలు ఇరుకై మధ్య ట్రేలకి గాలి సరిగ్గా తగలడం లేదు, పప్పు పచ్చిగానే దిగుతోంది, అంటే బావ, అంటే బావ చేసినది, అక్కడితో ఆగిపోయాను, మనసులో కూడా ఆ వాక్యం పూర్తి చేయలేకపోయాను, కంపెనీకి పంపిన రెండు కిలోల శాంపిల్ నేనే ఏరాను కదా, పై ట్రేలోంచి, గుండ్లు తెల్లగా మల్లెమొగ్గల్లా ఉన్నాయని, మావాడు ఎండబెట్టిన పప్పు ఎవరు చూసినా ముచ్చటపడాలని, పాసయింది ఆ పై ట్రే ఒక్కటే, మిగతా పదిహేను ట్రేల సంగతి విశాఖపట్నంలో ఎవరికీ తెలియదు, ఇక్కడ కూడా ఎవరికీ తెలియదు, నాకు తెలియదు.

అప్పుడే వచ్చాడు, చేతిలో నూనె ఓడుతున్న కాగితం పొట్లం, గేటు ముందు బండి మీద వేయించిన మిరపకాయ బజ్జీలు, ఓనరు గారు తనకీ ఫోను చేశారట, పెళ్లిపీటల మీద తలంబ్రాలు నా మీద పోసినప్పటి మొహం మళ్లీ ఇవాళ చూశాను, సూసావా సాయీ, పదారు ట్రేలంటే ఎంతమంది నవ్వినారో, ఇప్పుడు బిస్కెట్లోడే ఒప్పుకున్నాడు, రేపు నీ కేపబిలిటీకి డ్రయ్యరు అద్దంలాగ తుడిసెడతాను, నువ్వు కుదురుగా కూకుని బొమ్మలు గీసుకో, అన్నాడు, పెద్దత్త బజ్జీ అందుకుని, పెళ్లాం బొమ్మ గీత్తే మొగుడు కాలరెగరేత్తన్నాడు, మా కాలంలో ఇద్దరికీ కలిపి ఒకటే సిగ్గుండీది, అంది, ఇద్దరూ నవ్వారు, నేనూ నవ్వాను, బజ్జీ మధ్యలో ఉల్లిపాయ, నిమ్మరసం, ఎంత బాగుందో, లోపల ఇంత భయం పెట్టుకుంటే నాలుకకి ఇంత రుచి ఎలా తెలుస్తోంది, ఎందుకు తెలియాలి, అతని చేతి మీద వెల్డింగు నిప్పురవ్వ పడ్డ మచ్చ కనిపించింది, పెళ్లయిన మూడో రోజు ఆ మచ్చ కథ చెబుతూ నిద్రపోయాడు, ఏటలాగున్నావు, కారంగుందేటి, అన్నాడు, అవునని తలూపి నీళ్ల కోసం బయటికి వచ్చేశాను.

డ్రమ్ము దగ్గర నిలబడి మొహం మీద నీళ్లు చల్లుకుంటున్నాను, షెడ్డులోంచి ఆడవాళ్ల మాటలు, వార్త అప్పుడే వాళ్లకీ పాకినట్టుంది, ఎవరో చవితి తర్వాత కూడా పనుందంట అంటోంది, ఇంకెవరో ఆ మాట మళ్లీ సెప్పవే అంటోంది, నాకు మాత్రం ఒక లారీ కనిపిస్తోంది, మూడు నెలల తర్వాత వెనక్కి తిరిగి వచ్చిన లారీ, పెట్టెలు దించుతున్నారు, టేపు కోస్తున్నారు, తడిగోడ వాసన, తెల్లగా ఉండాల్సిన గుండ్ల మీద బూడిదరంగు నూగు, కంపెనీ మనిషి ఒకడు పప్పు అరచేతిలో పెట్టుకుని ఎవరు చూశారు ఇది అంటాడు, పెద్దత్త నా వైపు చూస్తుంది, నేను బావ వైపు చూస్తాను, అక్కడ ఎందుకో కొయ్యూరు సంత కలిసిపోయింది, నాకు పదేళ్లు, మా నాన్న సూరన్న ఆ సంతలో జీడి పిక్కలు కొనేవాడు, సెలవుల్లో నన్నూ తీసుకెళ్లాడు, కొమ్మకి వేలాడదీసిన స్ప్రింగు కాటా, కొండ మీంచి బుల్లమ్మ అనే ఆమె నెత్తిన గంపతో దిగింది, నాన్న తూస్తానంటే గంప దించలేదు, ఉండు బాబూ అని, ఎదర కొట్టులో కిలో ఉప్పు ప్యాకెట్టు తెచ్చి కాటాకి తగిలించింది, ముందు నీ కాటాని తూయనీ, తరవాత నా పిక్కలు తూద్దువు గాని, అంది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ముల్లు కిలో దగ్గర ఆగలేదు, ఆమె ప్యాకెట్టు తీసి మళ్లీ తగిలించింది, ఇంకోచోట ఆగింది, మూడోసారి మరోచోట, ఎవరూ నవ్వలేదు, మా నాన్న మోసగాడు కాదు, స్ప్రింగు ఎప్పుడో సాగిపోయింది, ఆయనకి తెలియదు, కానీ ఆ సంత మధ్యలో మోసం చేసినవాడికీ తెలియనివాడికీ తేడా ఎవరు చూస్తారు, నాకే కనిపించలేదు, ఆయన వేలు పట్టుకుని ఉన్నదాన్ని వదిలేసి రెండడుగులు పక్కకి జరిగాను, నేను జరగడం నాన్న చూశాడు, తిరిగి వచ్చేటప్పుడు జీపులో చాలా దూరం వచ్చాక, వాళ్లు తూసే ముందు నా కాటాని నేనే తూసుకోవలసిందమ్మా, అన్నాడు, అంతే, నన్ను ఏమీ అనలేదు, అనకపోవడమే ఇన్నేళ్లుగా గుచ్చుకుంటోంది, నీళ్ల డ్రమ్ము అంచు గట్టిగా పట్టుకున్నాను, లారీ వెనక్కి వచ్చిన రోజు అందరూ బావని చుట్టుముడితే నేను ఎక్కడ నిలబడతాను, అతని పక్కనేనా, రెండడుగులు అవతలా, నిజంగా తెలియలేదు, నా గురించి నాకు తెలియకపోవడం అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

తడిమొహంతోనే లోపలికి వచ్చి చెప్పేశాను, లాభం సంగతి, ఐదు పాయింటు ఏడు సంగతి, ఒకే కప్పు మూడు మాటలు మాట్లాడిన సంగతి, పై ట్రేలోంచి శాంపిల్ ఏరిన సంగతి, రేపు కేపబిలిటీ చేస్తే పాసవుతామనీ, అందుకే చేయననీ, ముందు మీటరునీ మమ్మల్నీ పరీక్షించాలనీ, చెబుతున్నంతసేపూ అతని మొహంలోంచి తలంబ్రాలనాటి వెలుగు కొంచెం కొంచెంగా తగ్గిపోవడం చూస్తూనే ఉన్నాను, అయితే నా ట్రేలు తప్పంటావేటి, అన్నాడు, తెలీదు బావా, తప్పో ఒప్పో చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు, అన్నాను, పెద్దత్త ముక్కుపుడక కదిలేలా మూతి బిగించింది, అంటే తప్పు నాది, లచ్మికి ఇచ్చినందుకు, అంది, మీది కాదు పెద్దత్తా, నలభై రోజులు సంతకం పెట్టి ఒక్కరోజూ పక్కన కూర్చోనిది నేను, అంటే, సంతకమెట్టినప్పుడు గాజులు సూసుకున్నావు గానీ అంకెలు సూసుకున్నావేటి, అంది, ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, రెండూ మింగాను, బావ బజ్జీల పొట్లం మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు, కోప్పడితే బాగుండును, అరిస్తే బాగుండును, తల ఎత్తకుండానే, నెల్రోజుల కితం మజ్జినున్న ట్రేలో సెయ్యెడితే మెత్తగా తగిలింది సాయీ, మరి సెయ్యెట్టలేదు, నీ బొమ్మలో బాగుంది గదా, నా సెయ్యే తప్పనుకున్నాను, అన్నాడు.

నా అంకెలు బాగున్నాయని అతను చెయ్యి పెట్టడం మానేశాడు, అతని చెయ్యి మంచిదని నేను అంకెల్ని అడగడం మానేశాను, నలభై రోజులు ఒకరి వెనక ఒకరం దాక్కుని దానికి సంతోషం అని పేరు పెట్టుకున్నాం, అదంతా అబద్ధం కాదు, స్కూటరు అబద్ధం కాదు, మచ్చ కథ అబద్ధం కాదు, కానీ నేను భయపడింది అతను తప్పు చేశాడేమోనని కాదు, తెలుసుకోకుండా ఉండిపోవడం నాకు ఎంత హాయిగా ఉందో చూసి భయపడ్డాను, ఆ మాట మనసులో ఈసారి చివరిదాకా అనగలిగాను, అతని పక్కన బల్ల మీద కూర్చుని ఓనరు గారికి ఫోను చేసి సంగతి చెప్పి ఇంకో రెండ్రోజుల గడువు అడిగాను, ఆయన అంతా విని, రెండ్రోజులు ఆగమంటే వాళ్లు పలాస జీడిపప్పు వాళ్లని పిలిచేస్తారమ్మా, ఏడాది ఆర్డరు, తెలుస్తోందా నీకు, అన్నారు, తెలుస్తోందండీ, భయంగానే ఉందండీ, అన్నాను, సరే, రేపేం చేస్తావో చెప్పు, అన్నారు, రేపు పొద్దున్న ఎనిమిదింటికి పది ట్రేల్లోంచి పది డబ్బాల పప్పు తీసి చల్లారబెడతామండీ, ఏ డబ్బా ఏ ట్రేదో కొలిచేవాళ్లకి తెలియకుండా చీటీ కప్పేస్తాం, నేనూ పెద్దత్తగారూ మా ఆయనా ఒకరి అంకె ఒకరికి కనబడకుండా మూడేసి సార్లు కొలుస్తాం, వచ్చినవన్నీ రాస్తాం, ఒక్కటీ వదలం, సాయంత్రానికి మా చేతులూ ఈ మీటరూ ఎంత నమ్మకంగా ఉన్నాయో తేలుతుంది, అది తేలాకే డ్రయ్యరు దగ్గరికి వెళ్తాం, అని ఊపిరి తీసుకుని బావ వైపు చూశాను, అతను తల ఊపాడు, మధ్య ట్రేలో పప్పు మా ఆయనే తీస్తారండీ, అన్నాను.